అక్క అడిగిన బండి

మా పశువుల కొట్టం వర్క్‌షాప్‌గా ఎలా మారిందో ముందు చెప్పాలి. పెద్ద కథేం కాదు. భూమి అమ్మాను. భూమి పోయాక గడ్డి పోయింది, గడ్డి పోయాక బర్రెలు పోయాయి, చివరికి ఖాళీ కొట్టం మిగిలింది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఇదే వరస. ఖాళీ అయిన కొట్టాల్లో కొందరు పెద్ద కార్లు పెట్టుకున్నారు, కొందరు గదులు కట్టి కాలేజీ పిల్లలకు అద్దెకిచ్చారు. నేను చదువుకున్నవాణ్ని కాబట్టి నేల మీద సిమెంటు పోయించి, బల్లకు ఇనుప ముక్కలు పట్టి ఉంచే వైసు బిగించి, వెల్డింగ్ మిషను తెచ్చి, పానాలన్నీ సైజుల వారీగా గోడకు వేలాడదీశాను. వాటితో ఏం చేయాలో మాత్రం అప్పటికి తెలియదు.

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్ని. అంటే, జీవితంలో మళ్లీ ఎన్నడూ ఆకురాయి ముట్టుకోని పిల్లలకు ఆకురాయి పట్టుకోవడం నేర్పి మార్కులు వేసే ఉద్యోగం. వాళ్లు ఇనుప ముక్కని చదరంగా రాస్తారు, నేను కొలిచి చూసి తల పంకిస్తాను, సంవత్సరం చివర ఆ ముక్కలన్నీ పాత ఇనుము కొనేవాడు పట్టుకుపోతాడు. ఇరవై ఏళ్లు ఇలా గడిపితే ఎవరికైనా తాను గొప్ప పనివాడినని నమ్మకం కుదురుతుంది. నాకు కాస్త ఎక్కువగానే కుదిరింది.

అలాంటి సమయంలో, ఉగాది వెళ్లిన వారానికి, మా అక్క బండి వచ్చింది. ట్రాక్టరు వెనక గొలుసు కట్టి లాక్కొచ్చారు. వెనక వస్తున్న ఆ బండిలో స్టీరింగ్ పట్టుకుని అక్కే కూర్చుంది.

అది జీపు మూతి ఉన్న పాత పికప్. వెనక ఇనుప డబ్బా. మా బావ ఎప్పుడో ఒక వేలంలో కొన్నాడు, కొనేనాటికే అది రిటైరైన బండి. అయినా ఇరవై ఏళ్లు టమాట, బెండ, బీర మోసింది. ఆఖర్న బావకు షుగరు వల్ల చూపు మందగిస్తే, బీడు భూమిలో అక్కను కూర్చోబెట్టి తోలడం నేర్పించాడు. ఊళ్లో నవ్వారు. ఆ నవ్వినవాళ్లే పెళ్లిళ్లప్పుడు వంట గిన్నెలు మోయడానికి, రాత్రిపూట పురిటి నొప్పులొస్తే దవాఖానకు పోవడానికి ఆమెనే పిలిచారు. బావ పోయాక బండి రెండు వానాకాలాలు వేపచెట్టు కింద నిలబడితే ఇంజన్ జామ్ అయింది.

అక్క దిగి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఉన్న విషయం ఉన్నట్టు చెప్పింది.

"తమ్మీ, వానకాలం టమాట చేతికొచ్చేలోపల దీన్ని నడిచేటట్టు చెయ్యి. బండి ఉంటే నేను ఎవుసం చేస్త. లేకుంటే మా మరిది మాటనే గెలుస్తది."

ఆ మరిది మాట మా అందరికీ తెలిసిందే. బావ తమ్ముడు ప్లాట్ల బ్రోకరు. అక్క రెండెకరాల చుట్టూ ఉన్న పొలాలన్నీ అప్పటికే వెంచర్ అయిపోయాయి. తెల్ల రాళ్లు పాతారు, స్వాగత ద్వారం కట్టారు, ద్వారం మీద రెండు ఏనుగులు పెట్టారు. నడుమ అక్క బావి, అక్క టమాట తోట మాత్రం మిగిలాయి. ప్లాటు చూడటానికి వచ్చినవాళ్లు ఆ తోటను పార్కు అనుకునేవాళ్లు. "ఎందుకు వదినా నీకీ కష్టం, అమ్మితే పాయె" అని మరిది రెండు రోజులకోసారి వచ్చి చాయ్ తాగిపోయేవాడు.

కిరాయికి బండి దొరకదా అని మీరడగొచ్చు. ఊళ్లో ట్రాలీ ఆటోలు చాలా ఉండేవి. అవన్నీ ఇటుకలు, సిమెంటు, వెంచర్లలో పాతే తెల్ల రాళ్లు మోస్తూ తీరిక లేకుండా ఉన్నాయి. టమాట అంటే రసం కారి బండి పాడవుతుందని ఒక్కడూ రాలేదు. మనుషులు తినేది మోయడం ఆ రోజుల్లో కాస్త నామోషీ పని.

"ఎంతల అయితదిరా?" అంది అక్క.

"మూడు నెలలు చాలక్కా. ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఒంటరిగా చేసే పని కాదు కనుక తుర్కయాంజాల్ నుంచి ఒక పెద్దాయనను పిలిచాను. బస్సుల డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డాడు. అపార్ట్‌మెంట్‌లో విప్పడానికి ఏమీ లేక ఇంట్లో మిక్సీని మూడుసార్లు విప్పాడట, నాలుగోసారి విప్పబోతే భార్య స్క్రూడ్రైవర్ దాచేసిందట. నేను పిలవగానే షేర్ ఆటో ఎక్కి, టిఫిన్ డబ్బాతో వచ్చేశాడు.

ఆయన పని చేసే తీరు చూసి, ఇన్‌స్ట్రక్టర్ అనే మాటకు నేను జీతం ఎలా తీసుకుంటున్నానా అనిపించింది. సిలిండర్లలో డీజిలు, పాత ఆయిలు కలిపి పోసి పది రోజులు ఊరికే వదిలేశాడు. నేను రోజూ వెళ్లి కడ్డీతో కదిపి చూస్తుంటే, "దాన్ని కాసేపు పడుకోనివ్వండి మాస్టారూ" అనేవాడు. పదకొండో రోజున చేతితో తిప్పితే అంగుళం కదిలింది. ఆ అంగుళానికి ఇద్దరం కలిసి చాయ్ తాగాం. తర్వాత ఇంజన్ దించాం, అరిగిన సిలిండర్లు లోపల సాపు చేయించడానికి బోరింగ్‌కు పంపాం, పిస్టన్లు మార్చాం, ఎలుకలు కొరికిన వైర్లన్నీ పీకేశాం. ఆషాఢం నడిమికి ఇంజన్ స్టార్టయింది. ముందు దగ్గింది, తర్వాత కొట్టమంతా నల్ల పొగ నింపింది, ఆ తర్వాత నిలకడగా పట్టుకుంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్లనే అని మా ఆవిడకు చెప్పాను.

"లేచిందండి" అన్నాడాయన, చేతులు తుడుచుకుంటూ. "బ్రేకులు, క్లచ్ సరిచేసి, టైర్లు మార్చి అక్కగారికి అప్పజెప్పేద్దాం. పది రోజుల పని."

ఆ పది రోజుల పని చేసేశాం కూడా. నేను అక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

ఆ వారమే ఒక సాయంత్రం మా గేటు ముందు కారు ఆగింది. మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒకతను దిగాడు. ఆదిభట్లలో ఉద్యోగం, ప్లాటు చూడటానికి వచ్చి దారి తప్పాడు. నేను దారి చెబుతుంటే అతని చూపు కొట్టం వైపు పోయింది. లోపలికి వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "అంకుల్, ఇది వింటేజ్. ఇలాంటివి ఎక్కడా లేవు. ప్లీజ్, పర్ఫెక్ట్‌గా చేయండి" అన్నాడు. ఫొటోలు తీసుకున్నాడు. పోతూ పోతూ నన్ను పాత బండ్ల అభిమానుల ఫోన్ గ్రూపులో చేర్చాడు.

అప్పటిదాకా మా ఇంట్లో వింటేజ్ అనేది ఏదీ లేదు. పాతవి మాత్రం బోలెడు ఉన్నాయి. పాతది అంటే పారేయాలని, వింటేజ్ అంటే పూజగదిలో పెట్టుకోవాలని నాకా రోజే తెలిసింది. గ్రూపులో ఇంజన్ ఫొటో పెడితే అరగంటలో ముప్పై బొటనవేళ్లు లేచాయి. ఇరవై ఏళ్లలో నా విద్యార్థి ఒక్కడు కూడా నాకు బొటనవేలు చూపించలేదు. మనిషి పాడవడానికి ఇంతకంటే ఏం కావాలి.

ఇక మొదలుపెట్టాను. అసలు రంగు ఏదో తెలుసుకోవడానికి డోరు మూల ఎమరీ పేపరుతో గీస్తే పచ్చ కింద నీలం, నీలం కింద బూడిద, బూడిద కింద మరో పచ్చ తేలాయి. ఏ పచ్చ అసలైన పచ్చ అనే దాని మీద గ్రూపులో రెండు వారాలు చర్చ నడిచింది. దేశ సరిహద్దుల గురించి కూడా అంత పట్టుదలగా మాట్లాడుకోరు. ఆ రెండు వారాలూ నేను రేకు గుంతలకు పుట్టీ రాస్తూ, దాన్ని అరగదీస్తూ, మళ్లీ రాస్తూ గడిపాను. స్పీడు మీటరు గుండ్రంగా, తెల్ల అంకెలతో ఉండాలన్నారు. దానికోసం హైదరాబాదులో పాత సామాన్ల బజార్లన్నీ ఆదివారం ఆదివారం తిరిగాను. దొరికాక తెలిసింది, అది పనిచేయదని. పనిచేయకపోయినా అసలుది కదా అని బిగించాను.

శ్రావణంలో అక్క ఒకసారి వచ్చింది. చేతిలో గోంగూర కట్టలు.

"నడుస్తున్నదా తమ్మీ?"

"నడుస్తున్నదక్కా. కానీ..."

"నడిస్తే ఇయ్యి మరి."

"గిట్ల ఎట్ల ఇస్త? రంగు లేదు, ఏం లేదు. పుట్టీ మచ్చలతోని రోడ్డెక్కితే నవ్వుతరు."

"నవ్వితే నవ్వనీ. నాకేమన్న కొత్తనా?" అంది. అయినా పట్టుబట్టలేదు. తమ్ముడు సదువుకున్నోడు, ఏదో తెలిసే చేస్తున్నాడని ఆమె నమ్మకం. నా గురించి ఆ భ్రమ ఉన్నది ప్రపంచంలో ఆమె ఒక్కదానికే.

మా ఆవిడకు అలాంటి భ్రమలేవీ లేవు. సీటుకు ముదురు ఎరుపు రెగ్జిన్ కుట్టించి తెచ్చిన రోజు గుమ్మంలో నిలబడి చూసి, "గిది టమాటలు మోసే బండా, పెండ్లికొడుకు ఊరేగే బండా?" అని లోపలికి పోయింది. నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను.

అసలు ఘనకార్యం వెనక డబ్బా. బావ కాలం నాటి ఆ ఇనుప రేకు, కూరగాయల బాక్సుల దెబ్బలకు గుంతలు పడి, టమాట రసానికి తుప్పు పట్టి ఉండేది. దాన్ని కోసేసి పాత ఇనుముకు వేశాను. ఊళ్లో పాత మిద్దెలు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్న కాలం కాబట్టి మంచి టేకుకు కరువు లేదు. దూలాలు తెచ్చి పలకలుగా కోయించి, నునుపు తేల్చి, పలకకూ పలకకూ నడుమ ఇత్తడి పట్టీలు బిగించి, నాలుగు పూతలు పాలిష్ వేశాను. వంగి చూస్తే ముఖం కనిపించేది. ఎన్నిసార్లు వంగి చూసుకున్నానో లెక్కలేదు.

పాలిష్ పూర్తయిన రోజు పెద్దాయన వంగి ఆ చెక్కను ఒకసారి చూశాడు. తర్వాత పానాలు ఒక్కొక్కటే తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"మా డిపోలో సాయంత్రం లోపలికొచ్చిన బండి పొద్దున్న మొదటి ట్రిప్పుకి బయటికి పోవాలండి. రంగు ఎలా ఉందని ఎవడూ అడగడు. ఇది బయటికి పోవాల్సిన రోజు దాటి నెలవుతోంది. అక్కగారికి కావాల్సింది బండి మాస్టారూ. మీరు చేసేదేంటో నాకు తెలియట్లేదు."

"కొంచెమే ఉంది అన్నా. ఫినిషింగ్."

"ఫినిషింగ్‌కి నేనెందుకండి" అని ఆటో ఎక్కేశాడు. పెద్దవాళ్లకు సౌందర్య దృష్టి ఉండదని గ్రూపులో రాశాను. నలభై బొటనవేళ్లు.

భాద్రపదం వచ్చేసరికి అక్క టమాట కోతకొచ్చింది. ఆ ఏడు కాపు విరగకాసింది. పొద్దున్నే మొదటి బస్సుకు బాక్సులు తెచ్చి నిలబడితే కండక్టరు రెండింటికి ఒప్పుకున్నాడు, మూడోదానికి ఒప్పుకోలేదు. రెండు బాక్సులు పట్టుకుని రైతుబజారుకు పోయి వచ్చేసరికి తోటలో మిగతాది మెత్తబడిపోతోంది. ఇవన్నీ నాకు తెలియవని చెప్పుకోవడానికి వీల్లేదు. అక్క వారానికోసారి వచ్చి తానే చెప్పేది. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, వానలు పడ్డాయని చెప్పినట్టు చెప్పేది.

గణపతి నిమజ్జనం నాటికి బండి పూర్తయింది. ఆ రోజు అక్క వచ్చింది. గేటు దగ్గరే ఆగి చూసింది.

"ఇగ అయిపోయినట్టేనా? తాళం ఇయ్యి, తోలుకపోత."

అప్పుడు నాకు శాస్త్రం గుర్తొచ్చింది. జీవితంలో అరుదుగా గుర్తొచ్చే విషయం. గోడ మీది క్యాలెండరు చూపించాను.

"రేపటి సంది పెద్దల దినాలక్కా. పెత్రామాస దాక కొత్త బండి ఇంటికి తోలుకపోతరా ఎవరన్న? ఆ ఎంబడే బతుకమ్మ. దసరా నాడు ఆయుధపూజ చేసి, దండేసి, నిమ్మకాయలు పెట్టి ఇస్త. బావ పేరు నిలబడాలె."

"గిది కొత్త బండెట్లయితదిరా? మీ బావ బండే గదా."

నిజానికి ఆ మాటకు నేను పొంగిపోయాను. కొత్త బండి అని నేనే అనగలిగేంత కొత్తగా చేశానన్నమాట.

"పండ్లు ఆగుతయా తమ్మీ, పండుగ దాక?" అంది అక్క.

"ఇన్ని దినాలు ఆగినవ్, ఇంకిన్ని దినాలు ఆగలేవా?"

అక్క బండి చుట్టూ ఒకసారి తిరిగి, అద్దంలో చూసి కొంగు సరిచేసుకుని, రోడ్డు మీదికి పోయి ఆటో ఎక్కింది. ఆ మాట నేను ప్రేమగానే అన్నాననుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అసలు సంగతి పెద్దలూ కాదు, బావ పేరూ కాదు. దసరా నాడు బంతిపూల దండతో ఉన్న ఫొటో పెడతానని గ్రూపులో అప్పటికే మాటిచ్చేశాను. పెద్దల పట్టింపు నాకు ఎంత ఉందో చెప్పాలంటే, ఆ పితృపక్షం పదిహేను రోజుల్లోనే బండిని రెండుసార్లు చెరువు కట్ట మీదికి తోలుకెళ్లాను. ట్రయల్ అని పేరు. సాయంత్రం ఎండలో నీళ్లు వెనక పడేలా నిలబెట్టి ఫొటోలు తీశాను. అక్కకు ఇవ్వడానికి పనికిరాని రోజులు నా ఫొటోలకు దివ్యంగా పనికొచ్చాయి. కట్ట మీద గడ్డి కోసుకుంటున్న ఒకామె, "ఎంత సక్కగున్నది, ఎవలదీ బండి?" అని అడిగితే, "నాదే" అన్నాను. తడుముకోకుండా వచ్చింది ఆ మాట.

దసరా వచ్చింది. పొద్దున్నే బండి కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేశాను. టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. పెద్దాయనకు కబురు పెడితే ఆ రోజు మాట మనసులో పెట్టుకోకుండా, కడిగిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. బానెట్ తెరిచి ఆయిలు చూసి, మూసి, ఒక పక్కన నిలబడ్డాడు. మా ఆవిడ గుమ్మడికాయ పట్టుకుంది. నేను ఫొటో ఏ కోణంలో తీయాలో చూసుకుంటున్నాను.

అక్క ఒక్కతే వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. బండి ముందు దండం పెట్టుకుని, కొంచెంసేపు డోరు మీద చేయి వేసి నిలబడింది. ఎప్పుడూ అక్కడ ఒక సొట్ట ఉండేది, బావ బావి గోడకు గుద్దినప్పటిది. దాన్ని సాపు చేయడానికే నాకు మూడు రోజులు పట్టింది. అక్క అరచేయి ఆ చోటే తడుముతూ వెతికింది. సొట్ట ఎక్కడని అడగలేదు. నేను మాత్రం, "సూస్తివా, జాడ గూడ లేదు" అన్నాను.

తర్వాత వెనక్కి వచ్చింది. డబ్బా ఎక్కబోతూ ఆగి, చెప్పులు విడిచింది. ఇరవై ఏళ్లు బురద కాళ్లతో ఎక్కి దిగిన తన బండిలోకి చెప్పులు విడిచి ఎక్కింది. అది చూసి పెద్దాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నాకు ఆ క్షణంలో కలిగింది ఏమిటో దాచను: సంతోషం. చెక్క విలువ అక్కకు తెలిసిందనుకున్నాను.

అక్క వంగి టేకు పలకను వేలితో రాసి చూసింది.

"మస్తున్నదిరా. దీంట్ల బాక్సులేస్తే గీతలు పడయా?"

"అయ్యో, బాక్సులు ఎయ్యకక్కా" అన్నాను. "ఎయ్యాల్నంటే కింద గోనెలు పర్సి, జర పైలంగ..."

"ఎయ్య తియ్యి" అంది అక్క, ఇంకా పలక వైపే చూస్తూ. "ఎయ్యనీకి ఏమున్నది. తోటంత కుళ్లిపాయె. పెత్రామాస ఎల్లిన తెల్లారి మా మరిది కాయితం తెస్తే ఏలుముద్ర ఏసిచ్చిన. బావి గూడ పూడ్సుతున్నరు."

అక్క దిగి చెప్పులు వేసుకుని, నా చేతిలో ఉన్న తాళం తీసుకుంది. ఎర్ర సీటులో కూర్చుని ఒకే తిప్పుకు స్టార్ట్ చేసింది. నిమ్మకాయలు నలిగాయి. మా ఆవిడ గుమ్మడికాయ కొట్టడం మరిచిపోయింది. సాగర్ రోడ్డు మీదికి తిరిగేటప్పుడు కూడా అక్క చెయ్యి బయటపెట్టి, అన్నీ చూసుకుని, బావ నేర్పినట్టే తిప్పింది.

ఫొటో తీయలేదు. ఆ గ్రూపులోంచి ఆ రోజే బయటికొచ్చాను, అది పెద్ద త్యాగమేమీ కాదు. ఆ బండి ఇప్పటికీ అక్క వాకిట్లో ఉంది. వారానికోసారి స్టార్ట్ చేసి ఆపుతుంది. నేను పోయినప్పుడల్లా వెనక్కి వెళ్లి చూస్తాను. ఆ చెక్క మీద ఒక్క గీత కూడా లేదు.